గ్వాసిమాల్ వాన

పొద్దున్నే తలుపులు తీసేసరికి ఆశ్రయం ముందు వరస బిస్కేన్ రోడ్డు మలుపు దాటిపోయి ఉండేది. గోపురంలా పైకి లేచిన ఆ పసుపుపచ్చ మేడ ఒకప్పుడు పత్రికాఫీసు. ఇప్పుడది క్యూబా నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకి జున్ను దిమ్మలూ పాలపొడీ డబ్బా మాంసమూ పంచే చోటు. పంటినొప్పికి మందిచ్చే చోటు, ఏ ఊళ్ళో ఏ పని దొరుకుతుందో చెప్పే చోటు కూడా అదే. అమెరికావాళ్ళు దానికి పెట్టుకున్న పేరు వేరు. వరసలో నిలబడేవాళ్ళు మాత్రం ఆశ్రయం అనే అనేవాళ్ళు.

కాపలాదారు తలుపులు తీయగానే చేసే మొదటి పని హాల్లో స్తంభాల పక్కన బకెట్లు సర్దడం. ఎవరి వాన ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేం కదా. హవానాలో వాన పడితే ఇక్కడ మయామీలో ఉన్న హవానావాళ్ళంతా ఒక్కసారే తడిసేవాళ్ళు. హాలు సగం గొడుగులతో నిండిపోయేది. పెళ్ళిపందిట్లో జల్లు పడ్డట్టు ఒకటే గోల. "మా అత్తగారు దుప్పట్లు మేడమీదే వదిలేసి ఉంటుంది, చూడు!" అని ఒకావిడ అంటే, "మీ అత్తగార్నే వదిలేసి వచ్చావు, దుప్పట్ల మీద బెంగ దేనికే!" అని ఇంకొకావిడ. ఒకళ్ళ గొడుగు కిందకి ఒకళ్ళు దూరి, నవ్వి, ముక్కులు చీదుకునేవాళ్ళు. మతాన్సాస్ వాళ్ళమీద మతాన్సాస్ వాన, కమగ్వే వాళ్ళమీద కమగ్వే వాన పడేది. వదిలి వచ్చిన ఊరి ఆకాశం ఎవరిది వాళ్ళ నెత్తిమీద ఉండేది.

అంపారో వెర్దేసియా మాత్రం ఒక్కతే తడిసేది.

ఆమెది తూర్పున కౌతో నది ఒడ్డునున్న గ్వాసిమాల్. చర్చీ, చెరకు తూచే కాటా, నాలుగు వీధులు, అంతే ఊరు. అక్కణ్ణుంచి మయామీ వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు. నలభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముడు ఎవెలియోని తనే పెంచింది, తనే పెళ్ళి చేసింది. ముందు నువ్వెళ్ళక్కా, నెల తిరక్కుండా మేమూ వచ్చేస్తాం అని తమ్ముడే ఆమెని విమానం ఎక్కించాడు. నెల తిరక్కుండానే విమానాలు ఆగిపోయాయి. ఏడాది కావస్తోంది.

అందరికీ ఎండ కాస్తున్న వేళ, ఆమె నెత్తికి మూరెడు ఎత్తున మొదలై వాన సన్నగా దిగేది. వరసలో పక్కవాళ్ళు కాస్త జరిగి చోటిచ్చేవాళ్ళు.

"ఏమ్మా అంపారో, మీ ఊరికి వేరే పనేం లేదా?" అనేది నీల్దా. హవానాలో టోపీల కొట్టు నడిపిన మనిషి. గొంతు పెద్దది, మనసూ అంతే. "ఎప్పుడు చూసినా పడుతూనే ఉంటుంది."

"మాది నది పక్క ఊరమ్మా. మబ్బులన్నీ నీళ్ళు తాగడానికి అక్కడికే వస్తాయి."

"తాగిపోకుండా నీమీద కక్కుతున్నాయే మరి!"

అంపారో నవ్వేది. నీల్దాతో అలా నాలుగు మాటలు అయ్యాక, మళ్ళీ మర్నాడు వరసలో నిలబడేదాకా ఎవరితోనూ మాట్లాడే పని ఉండేది కాదు.

వాన వల్ల ఆమెకి ఉద్యోగం నిలవలేదు. హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే పనిలో పెట్టుకున్నారు. మడతలు పెట్టిన దొంతర మీద గ్వాసిమాల్ జడివాన కురిసింది. అక్కడ మానిపించాక కేకుల దుకాణంలో చేరింది. అక్కడ ఏం జరిగి ఉంటుందో చెప్పక్కర్లేదు. అద్దెగది యజమానురాలు మంచిదే. అయినా ఒకరోజు పరుపు ఎత్తి చూపించి, "నీ వాన నీ ఇష్టమమ్మా, పరుపు మాత్రం నాది" అంది. తడిసినందుకు ఎవరూ ఏమీ అనని చోటు మయామీ మొత్తంలో ఆశ్రయం ఒక్కటే. అందుకే పని లేకపోయినా వచ్చి, హాల్లో ఒక స్తంభాన్ని ఆనుకుని కూర్చునేది.

సెప్టెంబరు చివర్లో మిసెస్ కోల్బర్ట్ ఆమెని బల్ల దగ్గరికి పిలిచింది. ఊళ్ళకి పంపే ఏర్పాట్లు చూసే అమెరికా ఆవిడ. బళ్ళో నేర్చుకున్న స్పానిష్ నెమ్మదిగా, ఒక్కో మాటా తుడిచి పెట్టినట్టు మాట్లాడేది.

"ఉత్తరాన కంబళ్ళ మిల్లు ఉంది. చోటు ఇస్తారు, పని ఇస్తారు. నీకు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండీ."

"అయితే ఆలస్యం దేనికి? ఇంకో మంచి సంగతి. అంత దూరం వెళ్ళినవాళ్ళకి వాన ఆగిపోతుంది. అందరూ పొడిగా, సుఖంగా ఉన్నారు."

అంపారో ఆ బల్ల అంచు పట్టుకుంది. తర్వాత సరేనంది. వద్దనడానికి ఆమెకి కారణం కనబడలేదు. అక్టోబరు రెండో వారంలో బస్సు.

బల్ల దగ్గర్నుంచి లేస్తుండగా చినుకు మొదలైంది. గ్వాసిమాల్లో సాయంకాలాలు పడే వాన, నాలుగు చినుకులు రాల్చి, ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ మొదలయ్యేది. గొడుగు విప్పబోతూ అటు చూసింది. హాలుకి అవతలి కొసన, పాలపొడి ఇచ్చే కిటికీ దగ్గర, ఒక ముసలాయన మీద కూడా చినుకులు పడుతున్నాయి. ఆగాయి. ఆమెకీ ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి.

అదీ గ్వాసిమాల్ వానే అని అంపారోకి తెలిసింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది. దగ్గరికెళ్ళాక గుర్తుపట్టింది. నది దారిలో కూరగాయల కొట్టు పెట్టుకున్న చైనా ఆయన. చిన్నప్పట్నుంచీ ఆ కొట్టు ముందునుంచే బడికీ చర్చికీ వెళ్ళింది. ఎండ మండిపోతున్న రోజు కూడా ఆయన ఒక్కోసారి తడిసి కనబడేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ నవ్వినవాళ్ళలో తనూ ఉంది.

"అమ్మాయీ, నువ్వు వెర్దేసియాల పిల్లవి కదూ?" అన్నాడు ఆయనే ముందు. "మీ అమ్మ ముల్లంగి గిల్లి చూసి మరీ కొనేది. ఒక్కనాడు కూడా నన్ను నమ్మలేదు."

అంపారోకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మీరెప్పుడు వచ్చారు?"

"పోయిన వారమే, చేపల పడవలో. దారంతా కక్కుతూనే వచ్చాను. కొట్టు తీసేసుకున్నారు. కొట్టు లేకపోతే ఆ ఊళ్ళో నేనెవర్ని?"

"మీ పేరు..." అని ఆగిపోయింది. ఆమెకి తెలీదు. ముప్ఫై ఏళ్ళు ఆయన చేతి కూరలు తిన్నది, పేరు తెలీదు.

"లీనో. లీనో చోంగ్. సిగ్గుపడకు, ఊళ్ళో ఎవరికీ తెలీదులే. చైనావాడా అంటే పలికేవాణ్ణి, సరిపోయేది."

ఆ సాయంత్రం హాలు ఖాళీ అయ్యేదాకా ఆమె అడుగుతూనే ఉంది, ఆయన చెబుతూనే ఉన్నాడు. ఎవెలియో నది వైపు కొత్త వరండా వేశాడు. వాడి పిల్లల్లో పెద్దదానికి ముందు పళ్ళు ఊడాయి. చిన్నాడు కుంటి కోడిపుంజు ఒకదాన్ని సాకుతున్నాడు, ఎవర్నీ కొయ్యనివ్వడు. ఆమె మళ్ళీ మళ్ళీ ఆ వరండా దగ్గరికే వచ్చేది. చెక్కదా? ఎన్ని మెట్లు? నీళ్ళకి మరీ దగ్గర కాదు కదా?

అలా మాట్లాడుతుండగానే ఆమె వాన ఆగింది. ఆయన మీద మాత్రం పడుతూనే ఉంది, కంటికి ఆననంత సన్నగా.

"ఇది మన ఊరిది కాదు. నేను పుట్టిన ఊరిది," అన్నాడు లీనో, భుజం దులుపుకుంటూ. "పద్దెనిమిదేళ్ళప్పుడు ఓడ ఎక్కాను. అదీ నాతోనే ఎక్కింది."

"ఇన్నేళ్ళయినా పోలేదా?"

"పోతుందని ఎవరు చెప్పారు నీకు?"

అంపారో మిల్లు సంగతి చెప్పలేదు.

అక్టోబరు మొదట్లో గ్వాసిమాల్లో గాలివాన వచ్చింది. మయామీలో ఆకు కూడా కదల్లేదు. సముద్రం నున్నగా మెరుస్తోంది. ఆశ్రయం హాల్లో మాత్రం పొద్దున్నే అంపారో జుట్టు ముడి ఊడిపోయింది. గొడుగు తిరగబడి ఊచలు విరిగిపోయాయి. అవతలి కొసనుంచి లీనో గోడ పట్టుకుని పట్టుకుని ఆమె వైపు వస్తున్నాడు. బక్క మనిషి, గాలికి రెండుసార్లు పడ్డాడు. రాను రాను వాన చినుకుల్లా కాదు, కుండలతో కుమ్మరించినట్టు పడింది. పక్కనే ఒకాయన కాల్చుకుంటున్న చుట్ట పొగ నిటారుగా పైకి పోతోంది. ఈ ఇద్దరూ మాత్రం నేలమీద నిలవలేకపోయారు.

"కట్టండి, కట్టేయండి వాళ్ళని!" అని అరిచింది నీల్దా. కాపలాదారు సామాన్ల గదిలోంచి మోకు తెచ్చాడు. ఇద్దర్నీ లావుపాటి స్తంభానికి నడుముల దగ్గర కట్టారు. నీల్దా అంపారోని గట్టిగా వాటేసుకుంది. మోచేతుల దాకా తడిసింది గానీ గాలి ఆమెకి తగల్లేదు. "ఏమే, ఏమవుతోందే అక్కడ?" అని అడుగుతూనే ఉంది. అంపారోకి మాత్రం ఏం తెలుసు? ఆకాశం తెలుస్తోంది, అంతే. దాని కింద ఉన్నవాళ్ళు కనబడటం లేదు.

ఒక రోజులో పోయే వాన కాదది. వెళ్ళినట్టే వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ అక్కడే కూర్చుంది. మర్నాడూ ఆగలేదు, ఆ తర్వాతా ఆగలేదు. ఇంటికి పంపితే ఇళ్ళు మునుగుతాయి కనక ఆశ్రయంవాళ్ళు వాళ్ళని హాల్లోనే ఉండనిచ్చారు. వరస మామూలుగానే నడిచింది. జనం జున్ను తీసుకుని, వెళుతూ వెళుతూ స్తంభం దగ్గర ఆగి, వాళ్ళ నోటికి వేడి కాఫీ అందించి వెళ్ళేవాళ్ళు. సగం వాన నీళ్ళే తాగేవాళ్ళు ఆ ఇద్దరూ.

"వరండా పోయి ఉంటుంది," అంది అంపారో రెండో రోజు.

"పోయే ఉంటుంది."

"ఇల్లు?"

లీనో ముఖం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "చర్చి కప్పు ఎత్తుగా ఉంటుంది అమ్మాయీ. మీవాడు తెలివిగలవాడు."

మూడో రోజు సాయంత్రం గాలి ఒక్కసారిగా అటునుంచి ఇటు తిరిగింది. కాపలాదారు పరుగున వచ్చి మోకు విప్పి, ఇద్దర్నీ స్తంభానికి రెండోవైపు మార్చి కట్టాడు. అప్పుడెందుకో అంపారో గొంతు చించుకుని తమ్ముణ్ణి పిలిచింది. బల్లల దగ్గర రాసుకుంటున్నవాళ్ళంతా తలెత్తి చూశారు. ఆ పిలుపు ఆమెకే వినబడలేదు, గాలి హోరు అంతగా ఉంది.

ఆ తర్వాత వాన తగ్గి, తగ్గి, ఒక పొద్దున ఆగిపోయింది. మోకు విప్పారు. నడుం చుట్టూ కందిపోయింది. కౌతో పొంగిందని, ఊళ్ళకి ఊళ్ళే కొట్టుకుపోయాయని రేడియో చెప్పింది. ఊళ్ళ పేర్లు చెప్పలేదు. తంతి పంపితే అందలేదని తిరిగొచ్చింది.

బస్సు రోజు వచ్చింది. ఆమె సంచీ అప్పటికే అద్దెగది గుమ్మం బయట పెట్టి ఉంది. లీనోకి చెప్పడానికి వెళ్ళింది. ఒక చర్చి వెనక పాడుపడ్డ స్థలంలో కూరగాయలు వేసుకోమని ఆయనకి ఫాదర్ అనుమతిచ్చాడు. ముళ్ళకంప పీకుతున్నాడు.

"ఉత్తరానికి పోతున్నాను. అక్కడ పడదట."

లీనో నడుం పట్టుకుని నిలబడ్డాడు. "నేను మన ఊరొచ్చిన మూడో ఏడు, అక్కడ చైనాలో మా ఊళ్ళో ఇలాగే పడింది. కొట్టు ముందు పది రోజులు తడిశాను. అక్కడ ఎవరు మిగిలారో ఇవాళ్టికీ తెలీదు."

"మరేం చేశారు?"

"ఏం చేస్తాను! కూరలు అమ్మాను." చేతికి అంటిన మట్టి దులుపుకుని ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. "జాగ్రత్తగా వెళ్ళు. చలికి ఛాతీ కప్పుకో."

ఆశ్రయం గుమ్మం ముందే బస్సు ఎక్కింది. మిసెస్ కోల్బర్ట్ ఎవరో దానమిచ్చిన ఉన్ని కోటు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. కిటికీలోంచి ఆ పసుపుపచ్చ మేడ చాలా దూరం కనబడింది, ఊరంతా వెనకబడిపోయాక కూడా.

మధ్యాహ్నానికి నారింజ తోటలు వచ్చాయి. అప్పుడు పడింది వాన. తుఫాను వెళ్ళిపోయాక గ్వాసిమాల్లో పడే మొదటి మామూలు వాన. తలమీద, చేతులమీద, కొత్త కోటు మీద పడింది. పక్క సీటులో హవానా నుంచి వచ్చిన కుర్ర జంట కాళ్ళు పైకి పెట్టుకున్నారు.

"కాస్త ఓర్చుకోమ్మా," అన్నాడు డ్రైవరు అద్దంలోంచి చూసి. "ముందొక పెట్రోలు బంకు వస్తుంది. అది దాటితే ఎవరికీ పడదు. ఈ దారిన ఎంతమందిని తీసుకెళ్ళలేదు నేను!"

బంకు వచ్చింది, వెనక్కి పోయింది. వాన తెగిపోయింది.

గ్వాసిమాల్లో వాన అలా ఆగదు. నది వైపునుంచి వెలిసిపోతూ వస్తుంది. చివర్లో పెద్ద పెద్ద చినుకులు, తర్వాత మట్టివాసనతో ఒక గాలి. ఇది ఆగిన వాన కాదు. అక్కడ ఇంకా పడుతూనే ఉంది. కప్పు లేని గోడల మీద, బురద మీద, ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళ వీపుల మీద పడుతోంది. తనకి తెలియడం ఆగింది, అంతే. కుర్ర జంట చప్పట్లు కొట్టింది. "వదిలిందండీ మీకు!"

"బస్సు ఆపండి," అంది అంపారో.

"ఇక్కడ ఏముందమ్మా దిగడానికి?"

"ఆపండి బాబూ."

సంచీ పట్టుకుని రోడ్డు పక్కన వెనక్కి నడిచింది. ఎండ చురుక్కుమంటోంది. కోటు ఆరిపోతోంది. అటూ ఇటూ తోటలు, మనిషి అలికిడి లేదు. దాటిపోయిన వాన దొరకదేమో, ఈలోగా అక్కడ నిజంగానే వెలిసిపోతుందేమో అని పరుగులాంటి నడక నడిచింది. బంకు ఇంకా కాస్త దూరం ఉందనగా నుదుటిమీద ఒక చినుకు పడింది. ఇంకో అడుగు వేస్తే చెంప మీద పడింది. ఇంకో అడుగుకి నిండా పడింది. ఆ రోడ్డు మధ్యలో నిలబడి అంపారో పెద్దగా ఏడ్చింది. గాలివాన రోజుల్లో కూడా అంత ఏడవలేదు.

బంకు యజమాని ఇలాంటివాళ్ళ కోసమే అక్కడొక బెంచీ వేయించాడు. దానికి ఒక కొస ఎప్పుడూ తడి, ఒక కొస పొడి. ఆమెకేసి చూసి, ఏమీ అడక్కుండా కాఫీ తెచ్చి ఇచ్చాడు. మయామీ వైపు పోయే టమాటాల లారీని ఆపి, వెనక బుట్టల మధ్య ఎక్కించాడు. దారి పొడుగునా టమాటాలు తడిసి నిగనిగలాడాయి.

అలా తిరిగొచ్చి అంపారో లీనో తోటలో పనికి కుదురుకుంది. తడిస్తే తప్పులేని పని అది. ఇద్దరూ సాళ్ళ మధ్య నిలబడితే ఆ పూట నీళ్ళు పెట్టక్కర్లేదు. గ్వాసిమాల్ వాన ముల్లంగికి బాగా పడింది. పొద్దున్నే కోసిన కూరలు బుట్టలో పెట్టుకుని ఆశ్రయం మెట్ల పక్కన కూర్చునేది. నీల్దా గిల్లి చూసి మరీ కొనేది.

క్రిస్మస్ ఇంకా రాలేదు. మెక్సికో మీదుగా వచ్చిన ఒకాయన ఆశ్రయంలో వాకబు చేసుకుంటూ ఆమె బుట్ట దగ్గరికి వచ్చి టోపీ తీశాడు. కౌతో అవతలి ఒడ్డువాడు. లీనో అప్పుడే ఇంకో బుట్ట దింపుతున్నాడు.

"మీ మరదలూ పిల్లలూ క్షేమమే. చర్చి కప్పెక్కారు. ఎవెలియోనే ఎక్కించాడు."

"వాడో?"

"బడి పంతులమ్మ ఇంట్లో ఉండిపోయిందని తెప్ప వేసుకుని వెళ్ళాడు. ఆవిడ దొరికింది, ఒడ్డుకి తోశాడు కూడా. అప్పుడే గాలి తిరిగిందండీ. మూడో రోజు సాయంత్రం. తర్వాత అతను కనబడలేదు."

అంపారో చాలాసేపు బుట్టలో ఆకులు సర్దింది. తర్వాత లీనో వైపు తిరిగి, నెమ్మదిగా, వానలోంచి లోపలికి వచ్చిన మనిషిలా అంది, "అప్పుడు మనం కూడా దాని కిందే ఉన్నాం."

"ఉన్నాం," అన్నాడు లీనో. "వాడు ఒంటరిగా తడవలేదు అమ్మాయీ."

చనిపోయినవాళ్ళకి తొమ్మిది సాయంత్రాలు ప్రార్థన చెయ్యాలి. ఆమె గదిలో నలుగురు పట్టరు. బల్లలు మూసేశాక ఆ స్తంభం దగ్గర చేసుకోమని కాపలాదారే అన్నాడు. నీల్దా జపమాల పట్టుకుని చదివింది. హవానా ఆడవాళ్ళంతా పొడిగా, నల్లబట్టల్లో, వంతపాడారు. గ్వాసిమాల్లో ముసురు. అంపారో, లీనో పక్కపక్కన కూర్చుని తడుస్తున్నారు. లీనోకి ఆ ప్రార్థనలు రావు. పోయినవాడి పేరు చెప్పాల్సిన చోట మాత్రం, అందరికంటే ముందుగా, "మా ఎవెలియో" అన్నాడు. చివరి అక్షరం సగం మింగేసి, కౌతో ఒడ్డున అందరూ పిలిచినట్టు.

అంపారో కళ్ళు మూసుకుని, ఇంకోసారి అనమని ఆయన చెయ్యి నొక్కింది.